పాత సర్వే పరికరాలు సేకరించడం ఎలా? పాలమూరు, నల్లగొండ వాళ్ల కోసం ఒక మార్గదర్శి

మన దగ్గర భూమి గురించి మాట్లాడుకోని ఇల్లు లేదు. పట్టా, పహాణీ, టిప్పన్, హద్దురాయి అన్న మాటలు బడికి పోయే పిల్లలకు కూడా తెలుసు. కానీ ఆ భూమిని కొలిచిన గొలుసులు, కాలువల మట్టం చూసిన లెవెళ్లు మాత్రం టోటల్ స్టేషన్లు, డీజీపీఎస్ రోవర్లు అనే ఎలక్ట్రానిక్ కొలత యంత్రాలు వచ్చాక అడిగే దిక్కులేక తుక్కు దుకాణాల్లో కిలోల లెక్కన పోతున్నాయి. వాటిని కొని కాపాడాలని అనుకునేవాళ్లకు పనికొచ్చేలా, ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం చూసి కొనాలి, కొన్నాక ఏం చేయాలి అన్నది ఇక్కడ వరుసగా చెబుతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. లండన్ పేరు చెక్కి ఉన్న థియోడలైట్ (కోణాలు కొలిచే దుర్భిణి యంత్రం) ప్రపంచంలో ఎక్కడైనా దొరుకుతుంది. మీ మండలంలో పొలాలు కొలిచిన గొలుసు, అది ఎవరి చేతుల్లో తిరిగిందో చెప్పగల మనిషి ఉండగా దొరికితే, దాన్ని ముందు కొనండి.

1. ఏ దారిలో పోవాలో తేల్చుకోండి

మన ప్రాంతానికి ఈ సామాను ముఖ్యంగా రెండు దారుల్లో వచ్చింది. ఒకటి భూమి, రెండోది నీళ్లు.

నిజాం కాలంలో జరిగిన సర్వే, సెటిల్‌మెంటు బొంబాయి పద్ధతిని అనుసరించింది. 33 అడుగుల గొలుసు, లంబకోణం చూసుకోవడానికి క్రాస్ స్టాఫ్ ఉంటే చాలు, పొలం కొలత అయిపోయేది. 33 అడుగుల గొలుసును 16 అణాలుగా విభజించారు. అంటే ఒక అణా 24.75 అంగుళాలు. పాత టిప్పన్లలో (పొలం కొలతల పటాల్లో) కొలతలు గొలుసులు, అణాల్లో కనిపించేది అందుకే. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉన్న జాగా గుంట. 1,089 చదరపు అడుగులు, 121 చదరపు గజాలు. అలాంటివి 40 అయితే ఎకరం. మనం ఇవాళ్టికీ గుంటల్లో మాట్లాడుకుంటున్నామంటే ఆ గొలుసు పుణ్యమే.

రెండో దారి ప్రాజెక్టులది. డిండి, కోయిల్‌సాగర్, సరళాసాగర్, మూసీ, ఆ తర్వాత 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్. కాలువ తవ్వాలంటే మట్టం తెలియాలి. డంపీ లెవెళ్లు, లెవెలింగ్ స్టాఫ్‌లు, పెద్ద థియోడలైట్లు ఈ పనుల వెంట వచ్చాయి.

ఇంకో పెద్ద కథ కూడా ఉంది. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన, త్రికోణాల లెక్కతో దేశాన్ని కొలిచిన మహా త్రికోణమితీయ సర్వే సుమారుగా 78 డిగ్రీల రేఖాంశం వెంట ఉత్తరానికి సాగింది. ఆ రేఖాంశం మహబూబ్‌నగర్ పట్టణం పక్క నుంచే పోతుంది. 1819లో జార్జ్ ఎవరెస్ట్ కృష్ణా, గోదావరి నదుల మధ్య అడవుల్లో సర్వే చేస్తూ జ్వరంతో మంచం పట్టింది కూడా ఈ ప్రయాణంలోనే. ఈ కథ తప్పక చదువుకోండి, కానీ ఆ కాలపు పరికరాల వేటలో పడకండి. అవి సంస్థల దగ్గర, మ్యూజియంలలో ఉండాల్సినవి. ఎవరైనా "లాంబ్టన్ కాలంది" అని అమ్మజూపితే అక్కడి నుంచి వచ్చేయండి.

కొత్తవాళ్లు భూమి దారిలో మొదలుపెట్టడం మంచిది. ఖర్చు తక్కువ, నేర్చుకునేది ఎక్కువ.

2. గొలుసును చదవడం నేర్చుకోండి

గొలుసు చేతికి రాగానే తుప్పు చూడొద్దు. లింకులు లెక్కపెట్టండి, పిడి మీద ఏం ముద్ర ఉందో చూడండి.

మీకు దొరికే గొలుసులు ఎక్కువగా నాలుగు రకాలు. మొదటిది పైన చెప్పిన 33 అడుగుల రెవెన్యూ గొలుసు, 16 లింకులది. రెండోది 66 అడుగుల గంటర్ గొలుసు. 1620లో ఎడ్మండ్ గంటర్ చెప్పిన లెక్క ఇది: 100 లింకులు, లింకు 7.92 అంగుళాలు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మూడోది 100 అడుగుల ఇంజనీర్ల గొలుసు, అడుగుకో లింకు. నాలుగోది మెట్రిక్ గొలుసు. 20 మీటర్లదైతే 100 లింకులు, 30 మీటర్లదైతే 150. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది కాబట్టి మెట్రిక్ గొలుసు ఆ తర్వాతి కాలానిదే. "మా ముత్తాత నిజాం కొలువులో వాడినది" అని 20 మీటర్ల గొలుసు చూపిస్తే ఆ మాట నిలవదు.

గంటర్ గొలుసులో ప్రతి పది లింకులకు ఒక ఇత్తడి బిళ్ల వేలాడుతుంది. దాన్ని వేళ్ల మధ్య పెట్టి తడిమి చూడండి. పదో లింకు దగ్గర ఒక పన్ను, ఇరవై దగ్గర రెండు, ముప్పైకి మూడు, నలభైకి నాలుగు, సరిగ్గా మధ్యలో యాభై దగ్గర గుండ్రటి బిళ్ల. అక్కడి నుంచి మళ్లీ వెనక్కి నాలుగు, మూడు, రెండు, ఒకటి. ఏ కొస నుంచి లాగినా ఒకేలా చదవొచ్చని ఇలా చేశారు. నలభైకీ అరవైకీ ఒకే రకం బిళ్ల ఉండటంతో ఏమరుపాటుగా గొలుసు లాగే చైన్‌మన్ ఒకదాన్ని ఇంకొకటిగా చదివే ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. బిళ్లలన్నీ ఉన్న గొలుసు అరుదు. ఒకటి రెండు పోయినా కొనండి. అన్నీ పోయి, కొత్త బిళ్లలు తగిలించి ఉంటే ధర బాగా తగ్గించి అడగండి.

తర్వాత దాన్ని చదునైన నేల మీద పరిచి స్టీలు టేపుతో కొలవండి. రెండు పిడుల బయటి అంచుల మధ్య దూరమే గొలుసు పొడవు. 66 అడుగులంటే 20.117 మీటర్లు, 33 అడుగులంటే 10.058 మీటర్లు. బాగా వాడిన గొలుసు కొంచెం పొడవు తేలుతుంది, ఎందుకంటే లింకులను కలిపే రింగులు ఏళ్ల తరబడి గుంజడంతో అరిగి సాగుతాయి. సాగిన గొలుసుతో కొలిస్తే పొలం ఉన్నదానికంటే తక్కువ తేలుతుంది. ఊళ్లల్లో అన్నదమ్ముల మధ్య గుంట, అరగుంట తేడాల వెనక ఇలాంటి గొలుసులు కూడా ఉండొచ్చు. కాబట్టి సాగడం లోపం కాదు, అది వాడకానికి సాక్ష్యం. దాన్ని సరిచేయించకండి. వంగిన లింకును సుత్తితో కొట్టకండి, తెగిన రింగుకు వెల్డింగ్ పెట్టించకండి.

గొలుసుతో పాటు పది ఇనుప బాణాలు ఉండాలి. పైన రింగు, కింద మొన. ముందు నడిచేవాడు గొలుసు గొలుసుకూ ఒకటి గుచ్చుతూ పోతే, వెనక వచ్చేవాడు ఏరుకుంటూ వస్తాడు. చేతిలో పది జమ అయితే పది గొలుసుల దూరం నడిచినట్టు. ఇవి ఎక్కడ కనిపించినా, గొలుసు లేకపోయినా తీసుకోండి. చాలా ఇళ్లలో వీటిని పశువుల కొట్టంలో కొక్కేల్లాగా వాడేస్తారు.

3. క్రాస్ స్టాఫ్, లెవెల్, థియోడలైట్

క్రాస్ స్టాఫ్ రెండు రూపాల్లో ఉంటుంది. కర్ర మీద చెక్క తల, నాలుగు వైపులా చూపు చీలికలు ఉన్నది పాత రకం. ఎనిమిది పలకల ఇత్తడి గొట్టం, పలకకో సన్నని చీలిక ఉన్నది రెండోది. దీన్ని తుక్కు కొట్లో దీపం భాగమనో, హుక్కా ముక్కనో అనుకుంటారు. మీకు గుర్తుపట్టడం వస్తే చాలు, పోటీ ఉండదు.

డంపీ లెవెల్‌ను 1830ల్లో ఇంగ్లండ్‌లో విలియం గ్రావాట్ రూపొందించాడు. అడ్డంగా బిగించిన దుర్భిణి, దాని మీద రసమట్టంలాంటి గాజు గొట్టం. ఇందులో చూస్తే బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. అది చెడిపోయిందని కాదు, పాతవి చాలావరకు అంతే. దీనికి జోడీ 14 అడుగుల సాప్విత్ స్టాఫ్. ఒకదాంట్లో ఒకటి దూరే మూడు చెక్క ముక్కలు, అడుగులో నూరో వంతు దాకా నలుపు తెలుపు గీతలు. అడుగుల గీతలున్న స్టాఫ్ దొరికితే అది దాదాపుగా 1960లకు ముందుది. చెదలు పట్టకుండా మిగిలిన స్టాఫ్‌లు లెవెళ్లకంటే తక్కువ కనిపిస్తాయి, వాటిని వదలకండి.

థియోడలైట్ పరిమాణాన్ని దాని అడ్డ చక్రం వ్యాసంతో చెబుతారు: అయిదు అంగుళాలది, ఆరు అంగుళాలది. కొనేముందు చేయాల్సిన ముఖ్యమైన పరీక్ష వెర్నియర్లది, అంటే చక్రం గీతల మధ్య భాగాన్ని చదివే చిన్న స్కేళ్లది. అడ్డ చక్రానికి ఎదురెదురుగా ఏ, బీ అని రెండు వెర్నియర్లు ఉంటాయి. ఏ దగ్గర సున్నా పెట్టి బీ చూడండి, 180 డిగ్రీలు రావాలి. చక్రాన్ని మెల్లగా తిప్పి 90 దగ్గర, 180 దగ్గర, 270 దగ్గర మళ్లీ చూడండి. తేడా అన్ని చోట్లా ఒకేలా ఉంటే చక్రం బాగుంది. ఒక్కో చోట ఒక్కోలా మారుతుంటే చక్రానికి, ఇరుసుకు కేంద్రం కుదరడం లేదు. అది ఎప్పుడో కిందపడి ఉండొచ్చు. మామూలుగా దొరికే రకంలో చక్రం మీద 20 నిమిషాలకో గీత, వెర్నియర్ మీద 60 భాగాలు ఉంటాయి, అంటే 20 సెకన్ల దాకా చదవొచ్చు. భూతద్దం పెట్టి ఆ గీతలు కలిసే చోటు వెతకడం అలవాటైతే ఈ పరికరం మీద మీకున్న భయం పోతుంది.

మిగతావి కాంపాస్, పొలంలోనే నక్షా గీసే ప్లేన్ టేబుల్, దాని మీద పెట్టి గురి చూసే ఆలిడేడ్, వాలు కోణం చూసే ఇండియన్ క్లైనోమీటర్, ఆబ్నీ లెవెల్, ఘాట్ రోడ్ల వాలు చూసే సిలోన్ ఘాట్ ట్రేసర్, నక్షా మీద వైశాల్యం తీసే ప్లానీమీటర్. ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు. మొదటి ఏడాదే అన్నిటి మీదా పడితే డబ్బు అయిపోతుంది, ఇల్లు నిండిపోతుంది, చదువు మాత్రం ముందుకు సాగదు.

4. పేరును బట్టి కాలం కట్టండి

పరికరం మీద వేసిన తేదీ కంటే తయారీదారు పేరు నమ్మకమైనది. ట్రాటన్ అండ్ సిమ్స్ అన్న పేరు 1826లో మొదలైంది. ఆ సంస్థ 1922లో యార్క్‌లోని కుక్ సంస్థతో కలిసి కుక్, ట్రాటన్ అండ్ సిమ్స్ అయింది. మూడు పేర్లూ కలిసి ఉంటే 1922 తర్వాతిదే. ఈ.ఆర్. వాట్స్ పేరు 1948లో హిల్గర్ అండ్ వాట్స్ అయింది. వైల్డ్, హీర్‌బ్రుగ్ అని ఉంటే స్విట్జర్లాండ్‌ది, 1921 తర్వాతిది.

మన దేశపు పేర్లను తక్కువ చేసి చూడకండి. కలకత్తాలో 1830లో ఏర్పడిన మ్యాథమెటికల్ ఇన్‌స్ట్రుమెంట్ ఆఫీస్ సర్వే ఆఫ్ ఇండియాకు పరికరాలు బాగుచేసి, తయారుచేసి ఇచ్చింది. హెన్రీ బారో తర్వాత ఆ పనిని సయ్యద్ మీర్ మొహ్‌సిన్ హుస్సేన్ నడిపించాడు. 1957లో అది నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ అయింది. ఎం.ఐ.ఓ. ముద్ర ఉంటే 1957కు ముందుది, నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్, జాదవ్‌పూర్ అని ఉంటే ఆ తర్వాతిది. సాగర్ కాలం పరికరాలు వెతికేవాళ్లకు ఈ ఒక్క సంగతి చాలా పనికొస్తుంది.

పెట్టె మీద ఉర్దూలో 1345, 1354 లాంటి అంకెలు కనిపిస్తే అయోమయపడకండి. అది నిజాం కాలపు రెవెన్యూ లెక్కల్లో వాడిన ఫసలీ సంవత్సరం కావచ్చు. 590 కలిపితే సుమారుగా ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. 1354 అంటే 1944-45. ఉర్దూ అంకెలు పది నేర్చుకోవడానికి ఒక సాయంత్రం సరిపోతుంది. పెట్టె మీది రాతను ఎప్పుడూ గీకేయకండి.

5. ఎక్కడ వెతకాలి, ఎలా అడగాలి

హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్, ఎర్రగడ్డ ఆదివారం సంత చాలామందికి తెలిసిన చోట్లు. పొద్దున్నే పోవాలి. కానీ అక్కడ దొరికే వస్తువుకు ఊరు ఉండదు. ఎక్కడిదని అడిగితే "పాత ఇంట్ల దొరికింది సార్" అన్న జవాబే వస్తుంది.

దేవరకొండ, మిర్యాలగూడ, వనపర్తి, గద్వాల లాంటి చోట్ల తుక్కు దుకాణాల వాళ్లతో పరిచయం పెంచుకోండి. ఇత్తడి కరిగించడానికి పంపకముందే ఫోన్ చేయమని చెప్పి, తుక్కు ధర కంటే ఎక్కువ ఇస్తానని మాటివ్వండి. మాట నిలబెట్టుకోండి. కావాల్సిన వస్తువుల ఫొటోలు వాళ్ల ఫోన్లో వేసి పెట్టండి.

అన్నిటికంటే మంచి చోటు మనుషులు. రిటైరైన చైన్‌మన్లు, సర్వేయర్ల కుటుంబాలు, పాత పట్వారీల ఇళ్లు, దేశమంతా తిరిగి డ్యాములు కట్టిన పాలమూరు మేస్త్రీలు. ఇక్కడ బేరంతో మొదలుపెట్టొద్దు. "తాతా, ఈ గొలుసు ఏయే ఊర్లల్ల గుంజిండ్రు?" అని అడగండి. పెద్దాయన మెడ పైకెత్తి, "ముందలోడు బాణం గుచ్చితె ఎనకోడు చెయ్యెత్తాలె బిడ్డా, చెయ్యెత్తకుంట నడిస్తె తిట్లే" అని మొదలుపెడితే మీ నోటుపుస్తకం తెరవండి. ఆ మాటలు రికార్డు చేసుకోవడానికి అనుమతి అడగండి. అమ్మనంటే బలవంతపెట్టకండి. కొలతలు రాసుకుని, ఫొటో తీసుకుని, ఫోన్ నంబరు ఇచ్చి రండి. కొందరు తర్వాత వాళ్లే పిలుస్తారు, కొందరు పిలవరు. రెండూ న్యాయమే.

ప్రభుత్వ కార్యాలయాలు, పాలిటెక్నిక్‌లు పనికిరాని సామానును వేలం వేస్తాయి. అందులో కొంటే వేలం రశీదు తప్పకుండా దాచుకోండి. పీ.డబ్ల్యూ.డీ. (ప్రజా పనుల శాఖ) అనో, ప్రభుత్వ సొత్తని తెలిపే బాణం గుర్తు అనో ముద్ర ఉన్న వస్తువు కాగితం లేకుండా చేతులు మారితే, దొంగ సొత్తు కాదని రుజువు చేసుకోవాల్సిన టెన్షన్ మీకే.

6. డబ్బు ఇచ్చేముందు

మూడు చోట్ల చూడండి. బుడగ గొట్టం పగిలిందా? ఎండాకాలంలో బుడగ చిన్నదిగా కనిపిస్తుంది, లోపలి ద్రవం వేడికి వ్యాకోచించడం వల్ల. దానికి భయపడొద్దు. దుర్భిణిలో అడ్డగీతలు ఉన్నాయా? పాతవాటిలో అవి నిజమైన సాలీడు దారాలు. వేలితో గానీ గుడ్డతో గానీ తాకితే తెగిపోతాయి. అమ్మేవాడు "తుడిచి చూపిస్తా" అంటే ఆపండి. మూడోది స్క్రూల తలలు. గాడి చెదిరి ఉంటే ఎవరో సరిపడని స్క్రూడ్రైవర్‌తో విప్పారని అర్థం. లోపల ఏదో మారి ఉంటుంది.

నకిలీల సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. రూర్కీ, మొరాదాబాద్‌లలో అలంకారం కోసం ఇత్తడి కాంపాస్‌లు, చిన్న థియోడలైట్లు కుప్పలుగా తయారవుతాయి. అవి అలంకార వస్తువులుగా అమ్ముడైతే ఎవరికీ ఇబ్బంది లేదు, పాతవని అమ్మితేనే మోసం. గుర్తులు తేలికే: డిగ్రీల గీతలు సమానంగా ఉండవు, అచ్చులో పోసినట్టు మొద్దుబారి ఉంటాయి, స్క్రూలు తిప్పితే ఏమీ కదలదు. కెల్విన్ అండ్ హ్యూస్, లండన్, 1917 అని చెక్కినవి చాలా తిరుగుతున్నాయి. ఆ రెండు పేర్లూ కలిసింది 1947లో. 1917లో ఆ ముద్ర ఉండే అవకాశమే లేదు.

7. చట్టం గీత దాటొద్దు

పురావస్తువులు, కళాసంపదల చట్టం, 1972 ప్రకారం నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని వ్యక్తులు విదేశాలకు పంపడం నిషేధం. వాటి వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. అమెరికాలో ఉన్న మేనల్లుడికి ముచ్చటగా పంపిద్దామన్నా కుదరదు.

పొలాల్లోని సర్వే రాళ్లు, త్రికోణమితి స్టేషన్ల గుర్తులు ఎంత అందంగా ఉన్నా వాటి చోటు అదే. ప్రభుత్వం పాతిన హద్దురాయిని కదిలించడం నేరం. అసలు టిప్పన్లు, గ్రామ నక్షాలు ప్రభుత్వ రికార్డులు, ఎవరైనా అమ్మజూపినా కొనకండి. దంతపు స్కేళ్లు వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి, వాటి జోలికి పోకండి. చీకట్లో వెలిగే రంగు పూసిన పాత సైనిక కాంపాస్‌లలో రేడియం ఉండొచ్చు. వాటిని విప్పొద్దు, పిల్లలకు ఇవ్వొద్దు, పడకగదిలో పెట్టొద్దు.

8. శుభ్రం చేయడం: తక్కువే మేలు

మన ఇళ్లలో ఇత్తడి అనగానే చింతపండు, పీతాంబరి. ఇక్కడ ఆ రెండూ దగ్గరకు రానీయొద్దు. పాత పరికరాల ఇత్తడి మీద లక్క పూత గానీ నల్లని రంగు పూత గానీ ఉంటుంది. దాన్ని తోమేస్తే పరికరం చరిత్ర, విలువ రెండూ ఒకేసారి పోతాయి. థియోడలైట్ గీతలు చాలావరకు సన్నని వెండి పట్టీ మీద చెక్కి ఉంటాయి. నాలుగుసార్లు రుద్దితే ఆ గీతలు చదవడానికి రాకుండా పోతాయి.

మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. జిడ్డు ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో చుక్క సబ్బు కలిపి, పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే ఆరబెట్టండి. బిగుసుకున్న స్క్రూకు ఒక చుక్క పలుచని నూనె వేసి రెండు రోజులు ఆగండి. గొలుసుకైతే ఊడే తుప్పును పొడి బ్రష్‌తో దులిపి, నూనె గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. కాంపాస్ ముల్లు తిరిగే మొనకు నూనె వేయొద్దు.

లాంబ్టన్ అర టన్ను థియోడలైట్ 1808లో తంజావూరు గుడి గోపురం మీదికి ఎక్కిస్తుంటే గోడకు కొట్టుకుని వంగిపోయింది. ఆయన దాన్ని ముక్కలుగా విప్పి వారాల తరబడి కూర్చుని సరిచేశాడు. ఆయనకు దానితో మళ్లీ పని చేయాల్సి ఉంది. మనకు ఆ అవసరం లేదు, కాబట్టి విప్పకుండా ఉండగలిగినంత కాలం విప్పకండి.

వానాకాలంలో లెన్సులకు బూజు పడుతుంది. తోలు సంచుల్లో ఉంచకుండా బయట పెట్టి, దగ్గర సిలికా జెల్ ఉంచండి. కాంపాస్ దాచేటప్పుడు ముల్లును పైకెత్తే మీట నొక్కి ఉంచండి, లేకపోతే కింది మొన అరిగిపోతుంది. టేకు పెట్టెలను గోడకు ఆనించకండి, చెదలు గోడ వెంటే వస్తాయి.

9. రిజిస్టరు పెట్టండి

ఒక్కో వస్తువుకు ఒక పేజీ. వరుస సంఖ్య, కొన్న తేదీ, ఎవరి దగ్గర, ఎంతకు, కొలతలు, ముద్రలు ఉన్నవి ఉన్నట్టుగా, లోపాలు, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో. దాని కింద అమ్మినవాళ్లు చెప్పిన మాటలు వాళ్ల మాటల్లోనే. విన్నది ఒక రంగు సిరాతో, మీరు పరీక్షించి తేల్చుకున్నది ఇంకో రంగుతో రాయండి. సంఖ్యను వస్తువు మీద చెక్కకండి, దారంతో చీటీ కట్టండి. ఈ పుస్తకం ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి. సందేహాలకు ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. దగ్గర్లోని పాలిటెక్నిక్‌లో సివిల్ అధ్యాపకులను అడిగినా ఇష్టంగా చెబుతారు.

10. వాడి చూడండి

కొత్త వస్తువు కొనేముందు ఉన్నదాన్ని వాడటం నేర్చుకోండి. 33 అడుగుల గొలుసు ఉంటే చదునైన పొలంలో ఒక గుంట గీయండి. ఒక మూల మేకు కొట్టి గొలుసు పరిచి రెండో మూల గుర్తించండి. క్రాస్ స్టాఫ్‌ను రెండో మూలలో నిలబెట్టి, ఒక చీలికలోంచి మొదటి గీత చూస్తూ, అడ్డ చీలికలోంచి మూడో మూల వైపు జెండా కర్ర పట్టుకున్న మనిషిని, ఆ కర్ర చీలికలో సరిగ్గా కనిపించేదాకా కుడికీ ఎడమకూ జరపండి. నాలుగు మూలలు పూర్తయ్యాక టేపుతో కర్ణాలు కొలవండి. రెండూ 46 అడుగుల 8 అంగుళాలు రావాలి. రాకపోతే క్రాస్ స్టాఫ్ నిలువుగా ఉందా, గొలుసులో ఎక్కడైనా లింకు ముడిపడిందా చూసి, మళ్లీ మొదటి మూల నుంచి గీయండి.